తమ్ముడి బ్యాగులో ఆల్ప్రాజోలం నిద్ర గోలీల షీట్లు దొరికితే అన్నీ పారేశాను. ఇప్పుడు వాడి ఒళ్లంతా వణుకుతోంది, ఏం చేయాలి?

కామారెడ్డి అక్క
బుధవారం, రాత్రి 9:10

దసరా సెలవులకు తమ్ముడు శనివారం రాత్రి హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చాడు. వాడికి 21 ఏళ్లు. బీటెక్ ఫైనలియర్, నగర శివార్లలో కాలేజీ, గేటుకు ఎదురుగా ప్రైవేటు హాస్టల్. అన్నం తిని పడుకున్నవాడు ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు లేచాడు. ప్రయాణం అలసట అనుకున్నాం. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. అమ్మ తంగేడు పువ్వు తెమ్మంటే బండి తీశాడు, మా సందు మలుపులోనే గోడకు గీకించాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. తాగాడేమోనని దగ్గరికెళ్లి చూశాను. ఏ వాసనా లేదు.

సోమవారం పొద్దున బట్టలు ఉతుకుదామని వాడి బ్యాగు ఖాళీ చేస్తుంటే చార్జర్ పెట్టుకునే సంచిలో నాలుగు గోలీల షీట్లు దొరికాయి. ఆల్ప్రాజోలం 0.5 మిల్లీగ్రాములు. రెండు పూర్తిగా ఖాళీ. వాటితో పాటు నాలుగు మడతలు పెట్టిన జిరాక్స్ కాగితం ఒకటి. విప్పి చూస్తే మా అమ్మ పేరు. 2021 జూన్‌లో, నాన్న కరోనాతో పోయిన పదిహేను రోజులకు, నిజామాబాద్‌లో ఒక డాక్టర్ గారు అమ్మకు రాసిన చీటీ అది. "రాత్రి ఒకటి, పది రోజులు" అని అందులో శుభ్రంగా రాసి ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి ముందే గోలీలన్నీ ఒలిచి బాత్రూంలో పోసి నీళ్లు కొట్టాను. ఫోన్ లాక్కున్నాను. బండి తాళం దాచాను. వాడు ఎదురు తిరగలేదు. "అక్కా, ఒక్కసారే ఆపొద్దంట, ఏదో అవుతుందంట" అని మాత్రం అన్నాడు. నాటకం అనుకున్నాను.

రెండు రాత్రుల నుంచి వాడు కన్ను మూయలేదు. నిన్నటి నుంచి చెమటలు పడుతున్నాయి. చేతిలో టీ గ్లాసు నిలవడం లేదు. గుండె దడదడ కొట్టుకుంటోందంటాడు. సాయంత్రం బయట బతుకమ్మ పాటల మైకు పెడితే రెండు చెవులూ మూసుకుని గది మూలకు వెళ్లి కూర్చున్నాడు. చర్మం కింద ఏదో పాకుతోంది అంటాడు. ఇప్పుడే, అరగంట కిందట, "నాన్న వాకిట్లో నిలబడ్డాడు, లోపలికి రమ్మను" అన్నాడు. అమ్మ ఏడుస్తోంది.

మా మేనమామ ఒక సెంటర్ ఉందంటున్నాడు, మూడు నెలలు పెడితే దారికి వస్తాడట, ఫోన్ కూడా ఇవ్వరట. పక్కింటి ఆంటీ పోలీసులకు తెలిస్తే కేసవుతుంది, ఇక ఉద్యోగం రాదు అంటోంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. డాక్టర్లు రాసే మందే కదా, గంజాయి కాదు కదా, దీనికి కూడా ఇంత అలవాటు పడతారా?

ఇంకో మాట. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. 2022లో ఎంసెట్ ముందు రోజు వాడికి నిద్ర పట్టక రాత్రి పన్నెండు దాకా దొర్లుతుంటే, అమ్మ స్టీలు డబ్బాలో మిగిలిన షీటులోంచి సగం గోలీ విరిచి నేనే ఇచ్చాను. హాయిగా పడుకున్నాడు. మంచి పని చేశాననుకున్నాను.


సైకియాట్రీ పీజీ
బుధవారం, రాత్రి 9:24

అక్కా, మిగతావన్నీ తర్వాత. అబ్బాయిని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. క్యాజువాల్టీ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి ఏది దగ్గరైతే అక్కడికి. బండి లేకపోతే 108కి చేయండి. తెల్లారేదాకా ఆగొద్దు.

వెళ్లగానే డ్యూటీ డాక్టర్‌కు మొదటి మాటగా ఇది చెప్పండి: రోజూ ఆల్ప్రాజోలం వేసుకునేవాడు, సోమవారం పొద్దున నుంచి ఒక్కటీ లేదు, లేనివాళ్లు కనిపిస్తున్నారంటున్నాడు. నలుగురిలో చెప్పలేక "జ్వరం, నీరసం" అనే ఇళ్లవాళ్లను నేను చూస్తుంటాను, దాంతో గంట పోతుంది. ఖాళీ షీట్లు వెంట తీసుకెళ్లండి. రోజుకు ఎన్ని వేసుకునేవాడో, మద్యం గానీ నొప్పి గోలీలు గానీ దగ్గు సిరప్ గానీ కలిపేవాడో తిట్టకుండా అడగండి.

ఎందుకు తొందరపెడుతున్నానంటే, మన మెదడులో గాబా అనే రసాయనం బండికి బ్రేకులా పనిచేస్తుంది. ఈ గోలీలు ఆ బ్రేకును ఇంకా గట్టిగా పడేలా చేస్తాయి. నెలల తరబడి అలా జరిగితే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. గోలీ ఒక్కసారి తీసేస్తే బ్రేకు లేకుండా పోతుంది. వణుకు, చెమట, నిద్ర రాకపోవడం, శబ్దం భరించలేకపోవడం, లేనివి కనపడటం అన్నీ అందువల్లే. తర్వాతి మెట్టు ఫిట్స్, అవి ప్రాణం మీదికి తెస్తాయి. ఆల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోయే మందు, సగం పోవడానికి సుమారు 11 గంటలు చాలు. అందుకే రెండు మూడు రోజుల్లోనే ఇంత ముదిరింది. మీ తమ్ముడు సోమవారం మీకు చెప్పింది నిజం.

దారిలో ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. చేతిలో తాళాలగుత్తి పెడితే ఫిట్స్ ఆగవు. బయలుదేరండి.


కామారెడ్డి అక్క
బుధవారం, రాత్రి 9:38

అడిగాను డాక్టర్ గారూ. పగలు రెండు, రాత్రి నాలుగు అన్నాడు. ఏడాదిన్నరగా రోజూ. మద్యం లేదంటున్నాడు. ఆటో వచ్చింది, వెళ్తున్నాం.


శ్రేయోభిలాషి
బుధవారం, రాత్రి 10:20

రెండు దెబ్బలు వేసి గదిలో పెట్టి గడియ పెట్టండి, వారంలో అదే దారికొస్తుంది. ఆసుపత్రి అంటే ఊరంతా తెలుస్తుంది. మా కాలంలో ఇన్ని గారాబాలు లేవు.


మందుల షాపు, కరీంనగర్ జిల్లా
బుధవారం, రాత్రి 11:35

పైన గడియ పెట్టమన్న అన్నా, లోపల ఆ పిల్లవాడికి ఫిట్స్ వస్తే గడియ తీసేదెవరు? దయచేసి ఆ మాట తీసేయండి.

అమ్మా, మీరు ఇప్పుడు ఆసుపత్రిలో ఉండి ఉంటారు. ఇది నిదానంగా చదువుకోండి. నాది 19 ఏళ్లుగా మందుల షాపు, కాలేజీ రోడ్డు మీద. మీ అమ్మగారి చీటీ జిరాక్స్ అన్న మాట చదివాక నిద్ర పట్టక రాస్తున్నాను, ఎందుకంటే అలాంటి జిరాక్స్‌లు చూసి నేనూ మందు ఇచ్చాను.

పిల్లలు మొదట నాయనమ్మ పేరు చెప్పుకుని వస్తారు. "నాయనమ్మకు నిద్ర పట్టదు అంకుల్, చీటీ ఇదిగో." నిజంగా నాయనమ్మకే తీసుకెళ్లే పిల్లలూ ఉంటారు, కాబట్టి అనుమానం రాదు. రెండో నెలకు చీటీ ఉండదు, ఖాళీ షీటు చూపిస్తారు. మూడో నెలకు అదీ అక్కర్లేదు, మొహం తెలుసు కదా. గంజాయి అంటే భయపడే పిల్లవాడు దీనికి భయపడడు. డాక్టర్ రాసే మందు, షాపులో అమ్మే మందు, తక్కువ ధర, నోరు వాసన రాదు. వార్డెన్ చూసినా తలనొప్పి గోలీ అంటే సరిపోతుంది.

రూలు లేక కాదు. ఆల్ప్రాజోలం, డయాజెపాం, నైట్రాజెపాం, జోల్పిడెం అన్నీ షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ తప్పనిసరి అయిన మందుల జాబితాలో ఉన్నాయి. 2013లో నోటిఫికేషన్ వచ్చింది, 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ముద్రించి ఉండాలి. అమ్మిన ప్రతిసారీ డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, ఏ మందు, ఎన్ని గోలీలు అన్నది వేరే రిజిస్టర్‌లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. దానికంటే పాత రూలు ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అదే అసలైనది. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టర్ రాస్తే తప్ప ఒక చీటీకి ఒక్కసారే మందు ఇవ్వాలి, ఇచ్చాక ఆ చీటీ మీదే షాపు పేరు, తేదీ వేయాలి. 2021లో మీ అమ్మగారికి గోలీలు ఇచ్చిన షాపులో ఎవరైనా ఆ ముద్ర గుద్ది ఉంటే ఆ కాగితం పని ఆ రోజుతోనే అయిపోయేది. ఎన్ని జిరాక్స్‌లు తీసినా ముద్ర కూడా అందులో పడుతుంది. అర నిమిషం పని. చాలా షాపుల్లో చేయం.

మా ఇంకో దురలవాటు కత్తెర. నాలుగు గోలీలు అడిగితే షీటు కోసి ఇస్తాం. మందు పేరు ఒక ముక్క మీద ఉంటుంది, గడువు తేదీ ఇంకో ముక్క మీద, హెచ్చరిక మూడో ముక్క మీద. ఇంటికి వెళ్లిన ముక్క మీద ఒక్కోసారి ఏమీ ఉండదు. అది బీపీ గోలీల డబ్బాలో పడి ఉంటుంది. ఏ గోలీ దేనికో ఎవరికీ గుర్తుండదు, "నిద్ర గోలీ" అన్నది మాత్రం గుర్తుంటుంది.

రెండేళ్ల కిందట ఒక తండ్రి మా షాపుకు వచ్చి కౌంటర్ మీద ఖాళీ షీట్లు పెట్టాడు, రబ్బరు బ్యాండు వేసి. లెక్కపెట్టి తెచ్చాడు, 31 ఉన్నాయి. తిట్టలేదు. "వీటిలో మీవి ఎన్ని?" అని అడిగాడు. చెప్పలేకపోయాను. నా రిజిస్టర్‌లో అవి లేవు. ఆ పిల్లవాడు నాకు తెలుసు, వచ్చినప్పుడల్లా మా అమ్మాయి చదువు ఎలా ఉందని అడిగేవాడు. ఆ సాయంత్రం నుంచి చీటీ చూడకుండా, దాని మీద ముద్ర వేయకుండా ఈ మందు ఒక్కటి కూడా ఇవ్వలేదు. కొందరు పక్క షాపుకు పోతున్నారు. పోనీ.

మీకు తీరిక దొరికినప్పుడు అమ్మగారి చీటీ అసలుది వెతికి దాని మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టండి. డబ్బాలో ఇంకా మిగిలిన గోలీలుంటే డాక్టర్‌కు చూపించి తీసేయండి. సగం గోలీ ఇచ్చానని మీరు రాశారు. ఆ రోజు మీకు ఎవరూ ఏమీ చెప్పలేదు తల్లీ. చెప్పాల్సింది మేము.


కామారెడ్డి అక్క
గురువారం, మధ్యాహ్నం 2:15

బతికే ఉన్నాడు. అది ముందు రాస్తున్నాను.

క్యాజువాల్టీలో పేరు రాయిస్తుండగానే బెంచీ మీద ఫిట్స్ వచ్చాయి. కళ్లు పైకి తిరిగిపోయి, పళ్లు కొరుక్కుని, నోట్లోంచి నురగ. నేను పక్కకు తిప్పి పట్టుకున్నాను. అమ్మ కొంగు ముడిలోంచి తాళాలు తీస్తుంటే వద్దన్నాను. సిస్టర్ పరిగెత్తుకొచ్చి ఇంజెక్షన్ చేసింది. డ్యూటీ డాక్టర్ చిన్నపిల్లలా ఉంది, కానీ నేను మూడు ముక్కలు చెప్పగానే అర్థం చేసుకుంది. ఇప్పుడు వార్డులో ఉన్నాడు. పొద్దున ఆరింటి నుంచి నిద్రపోతున్నాడు, మధ్యలో లేచి మంచినీళ్లు అడిగాడు. నాన్న మాట ఎత్తలేదు.

రాత్రి ఇంట్లో ఉండి ఉంటే నేను దాన్ని కూడా నాటకమే అనుకునేదాన్నేమో. ఆ ఆలోచన పోవడం లేదు.

మందుల షాపు అన్నా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. సగం గోలీ సంగతి కూడా చెప్పేశాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నన్నూ ఒకసారి అడిగితే ఇచ్చాను" అంది.


సైకియాట్రీ పీజీ
గురువారం, రాత్రి 8:50

సరైన సమయానికి చేరారు. ఇప్పుడు మీరు అడిగినవాటికి వస్తాను.

డాక్టర్లు రాసే మందే కదా అన్నారు. వైద్యంలో ఈ రకం మందు మంచిదే. ఆపరేషన్ ముందు భయం తగ్గించడానికి, ఫిట్స్ ఆపడానికి, ఆందోళన మనిషిని పట్టి కుదిపేస్తున్న కొద్ది రోజులకు పనికొస్తుంది. నిన్న మీ తమ్ముడి ఫిట్స్ ఆపిన ఇంజెక్షన్ కూడా ఈ కుటుంబానికి చెందినదే అయి ఉంటుంది. కొద్ది రోజులకు అన్నదే ముఖ్యం. చీటీలో రాసినట్టే వేసుకున్నవాళ్లకు కూడా వారాల్లోనే ఒళ్లు దీనికి అలవాటు పడవచ్చు. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం మందులన్నింటి సమాచార పత్రాల్లో అలవాటు పడటం గురించీ, ఒక్కసారే ఆపితే వచ్చే ప్రమాదం గురించీ తన అత్యంత తీవ్రమైన పెట్టె హెచ్చరికను పెట్టించింది. మన దగ్గర ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, 10 నుంచి 75 ఏళ్ల వారిలో 1.08 శాతం, అంటే సుమారు 1.18 కోట్ల మంది, వైద్య అవసరం లేకుండా మత్తు గోలీలు వాడుతున్నారు. అలా వాడేవాళ్ల సంఖ్యలో ముందున్న ఐదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మీ ఇంట్లో జరిగింది మీ ఇంటికే ప్రత్యేకం కాదు.

అబ్బాయికి బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా? అడగడానికి కారణం ఉంది. ఈ మందు కొత్తగా చదివింది మెదడులో నిలవనివ్వదు. పరీక్ష టెన్షన్‌కు గోలీ వేసుకుంటారు, చదివింది మర్చిపోతారు, ఫెయిలవుతారు, ఇంకా టెన్షన్, ఇంకో గోలీ. మా ఓపీకి వచ్చే పిల్లల్లో చాలామంది తమకు చదువు రాదని గట్టిగా నమ్మేసి వస్తారు. గోలీ తగ్గే కొద్దీ జ్ఞాపకం తిరిగి వస్తుంటే వాళ్ల ముఖాలు మారిపోతాయి.

చికిత్స అంటే రేపటి నుంచి గోలీ బంద్ అనుకోకండి. ముందు ఒళ్లు నిలకడపడే మోతాదు చూస్తారు. చాలాసార్లు డయాజెపాంలాంటి, ఒంట్లో ఎక్కువసేపు ఉండే మందుకు మారుస్తారు. తర్వాత మెల్లగా దించుతారు, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి 5 నుంచి 10 శాతం చొప్పున, మనిషిని బట్టి. రోజుకు ఆరు గోలీలు, అంటే మూడు మిల్లీగ్రాములు, ఏడాదిన్నర వాడినవాడికి నెలలు పడుతుంది. ఈ లెక్క డాక్టరే వేయాలి, ఇంట్లో వేయొద్దు. గోలీలు మీ దగ్గర ఉంచుకోండి, ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి. మధ్యలో మద్యం గానీ మత్తు కలిగించే నొప్పి మందులు గానీ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు, ఇది అబ్బాయికి నేరుగా చెప్పండి.

పోలీసు కేసు భయం గురించి. ఆల్ప్రాజోలం మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందకు వస్తుంది, నిజమే. అదే చట్టంలో సెక్షన్ 64ఏ ఉంది. వాడకం గానీ కొద్ది మొత్తం దగ్గర ఉండటం గానీ అయితే, ఆ వ్యక్తి తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్సకు వచ్చి పూర్తిగా తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అతని చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. చికిత్సకు వెళ్తే ఉద్యోగం పోతుందన్న భయంతో పిల్లల్ని ఇంట్లో దాచిపెట్టే తల్లిదండ్రులను చూస్తే నాకు చాలా బాధ.

మీ మేనమామ చెప్పిన సెంటర్‌కు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, రోజూ వచ్చే సైకియాట్రిస్ట్ ఉన్నాడా అని అడగండి. ఈ గోలీలను ఒక్కసారే ఆపించే చోటుకు అస్సలు పంపొద్దు. గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. రాత్రిళ్లు మాట్లాడటానికి ఎవరైనా కావాలంటే 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాటు మానడానికి సాయం కావాలంటే 14446 ఉంది.


పాలమూరు పిలగాడు
శుక్రవారం, రాత్రి 1:05

అక్కా, ఇది నీ తమ్ముడికి చూపించు. నేను నారాయణపేట వైపు ఊరోణ్ని, 23 ఏళ్లు.

మా అవ్వ రోజూ కల్లు తాగేది. 2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి, దుకాణాల్లో మత్తు కలపని కల్లు పోయడం మొదలైంది. మూడో రోజుకు అవ్వకు చేతులు వణికాయి, మంచం దిగి గోడలు తడుముకుంటూ తిరిగింది, ఎప్పుడో పోయిన తాతను పిలిచింది. గాలి సోకిందన్నారు. మహబూబ్‌నగర్ ఆసుపత్రికి తీసుకెళ్తే వరండా నిండా అవ్వలాంటివాళ్లే. నిజామాబాద్, మెదక్ వైపు కూడా అదే పరిస్థితి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి కూడా బండ్ల మీద తెచ్చారని మా నాయన చెప్పేవాడు. ఊళ్లో అందరూ "డైజోఫాం కలుపుతరు" అనేవాళ్లు, అదేంటో నాకు తెలియదు.

ఆరేళ్ల తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతూ, నిద్ర పట్టక రూమ్మేట్ ఇచ్చిన గోలీ మొదలుపెట్టాను. పద్నాలుగు నెలలు. గోలీ దొరకని ఒక రోజు నా చేతులు వణుకుతుంటే చూసుకుని అవ్వ గుర్తొచ్చింది. డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు అడిగాను. ఆ కల్లులో కలిపింది, నా జేబులో ఉన్నది ఒకటే రకం మందు అన్నాడు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్లు తాగి మనుషులు చనిపోయి, అందులో ఆల్ప్రాజోలం ఉందని బయటపడ్డప్పుడు నేను రెండు రోజులు అన్నం తినలేదు.

తమ్ముడూ, నీకు చెప్పేది. నాకు ఎనిమిది నెలలు పట్టింది. మొదటి రెండు నెలలు దించిన ప్రతిసారీ మూడు నాలుగు రాత్రులు నిద్ర ఉండదు. దాన్ని చూసి "నా రోగం మళ్లీ వచ్చింది, గోలీ లేకుండా నేను బతకలేను" అనుకుంటావు. అది రోగం తిరగబెట్టడం కాదు, మెదడు సర్దుకుంటోంది. నేను ఆ రాత్రుల్లో మేడ మీద నీళ్ల ట్యాంకు చుట్టూ నడిచేవాణ్ని. పగలు పడుకోలేదు. చాయ్ మధ్యాహ్నంతో బంద్. గోలీలు మా పెద్దన్న దగ్గర ఉండేవి. రెండుసార్లు దొంగచాటుగా ఎక్కువ వేసుకున్నాను, రెండుసార్లూ డాక్టర్‌కు చెప్పాను, ఆయన తిట్టలేదు, దించే వేగం తగ్గించాడు అంతే.

ఇంట్లోవాళ్లు పేరు పెట్టి పిలిస్తే చాలు. మా ఊళ్లో నన్ను "గోలీలోడు" అన్నారు. మందు మానడం కంటే ఆ మాట మానిపించడం కష్టమైంది.


కామారెడ్డి అక్క
దీపావళి అయిన తర్వాతి ఆదివారం, సాయంత్రం 6:30

చాలామంది లోపల మెసేజ్‌లు పెట్టి ఎలా ఉన్నాడని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ఎనిమిది రోజులకు డిశ్చార్జ్ చేశారు. దసరాకు ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు రెండు వారాలకోసారి ఓపీకి తీసుకెళ్తున్నాను. డయాజెపాంకు మార్చారు, ఇప్పటికి రెండుసార్లు దించారు. రెండోసారి దించినప్పుడు నాలుగు రాత్రులు నరకం. పాలమూరు తమ్ముడు రాసింది ప్రింట్ తీసి గోడకు అంటించుకున్నాడు. మాకు మేడ లేదు, వాకిట్లో కానుగ చెట్టు చుట్టూ తిరుగుతాడు. ఒక రాత్రి నేనూ తిరిగాను. అప్పుడే చాలా చెప్పాడు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆఖరి వీడియో కాల్ వీడు ఎత్తలేదట, క్లాసులో ఉండి. నాలుగేళ్లుగా కళ్లు మూసుకుంటే ఆ ఫోన్ మోగుతుందట. పరీక్షల భయం అని మేమనుకున్నది అసలు అది. డాక్టర్ గారికి చెప్పమన్నాను, చెప్పాడు. ఇప్పుడు దానికి వేరే మాట్లాడే సెషన్లు పెట్టారు.

బ్యాక్‌లాగ్స్ ఆరు. దాచాడు. ఇప్పుడు ఒక్కటే రాస్తానన్నాడు, మిగతావి తర్వాత. సరే అన్నాను.

మేనమామను ఆ సెంటర్ రిజిస్ట్రేషన్ కాగితం అడగమన్నాను. అడిగాక ఆయనే ఆ మాట మానేశాడు.

అమ్మ అసలు చీటీని బీరువాలో నాన్న మరణ ధ్రువపత్రం ఉన్న కవరులో పెట్టింది. దాని మీద గీత కొట్టడానికి ఆమెకు చేయి రాలేదు, నాన్న పోయిన రోజుల కాగితం కదా. చివరికి తమ్ముడే కొట్టాడు. స్టీలు డబ్బాలో ఇంకో మూడు గోలీలు దొరికాయి, పేరు లేని ముక్క. ఓపీలో ఇచ్చేశాం.

డాక్టర్ గారూ, మీకు ఒక ప్రశ్న. వాడి రూములో ఇంకో ఇద్దరు ఇవే వేసుకుంటారట. ఒకడు ఖమ్మం అబ్బాయి, మొన్న ఫోన్ చేసి తనూ ఆపేస్తానన్నాడట. మా వాడు భయపడి "ఆపకు, ఒక్కసారే ఆపకు, నేను చెప్పేదాకా ఆగు" అని అరిచాడు. బుధవారం ఓపీకి వాణ్ని కూడా రమ్మన్నాడు. వాళ్ల ఇంట్లో ఇంకా తెలియదు. అమ్మానాన్న లేకుండా వస్తే చూస్తారా?


సైకియాట్రీ పీజీ
ఆదివారం, రాత్రి 9:05

18 నిండితే చాలు, ఒక్కడే వచ్చినా చూస్తారు. వచ్చేదాకా ఇప్పుడు వేసుకుంటున్నది తనంతట తాను ఆపొద్దని, పెంచొద్దని, మద్యం ముట్టొద్దని చెప్పండి. రోజుకు ఎన్ని వేసుకుంటున్నాడో కాగితం మీద రాసుకుని రమ్మనండి. ఓపీ చీటీలు పొద్దున్నే ఇస్తారు, తొమ్మిదికల్లా లైన్లో ఉండమనండి.